వంకర ఊళ్ళో తిన్నని బోర్డు

రైలు దిగిన పావుగంటకే పెయింటరు రసమట్టానికి ఈ నగరమంటే ఏమిటో తేలిపోయింది: సంతకెళ్ళి దారి తప్పిన జనం. నడిచేవాడు నడవడు, ఎగబడతాడు. హారన్ కొట్టనివాడు పాపం చేసినట్టే. ఇక గోడల మీది అక్షరాలు! ఒకటి పీనుగులా, ఒకటి ఏనుగులా. ఛీ, వీళ్ళ దగ్గరా తను నేర్చుకోవాల్సింది!

ముప్ఫయ్యేళ్ళుగా దుకాణాల బోర్డులు రాస్తున్నవాడు. గీత తిన్నగా ఉందో లేదో చూసే రసమట్టం జేబులో లేనిదే కుంచె ముట్టడు, అందుకే ఆ పేరు. సాంస్కృతిక మార్పిడి అని పది రోజులకు ఆయన్ని ఇక్కడికి పంపి, ఇక్కడి పెయింటరొకణ్ణి ఆయన ఊరికి పంపారు. బస ఆ పెయింటరు అక్కగారింట్లో. ఆవిడ నర్సు. పన్నెండేళ్ళు పెద్దాసుపత్రిలో చాకిరీ చేసి, రాజీనామా ఇచ్చి, ఇంటి ముందుగదుల్లో రెండు మంచాల కాన్పుల ఆసుపత్రి పెట్టింది. మర్నాడే ప్రారంభం.

గుమ్మం మీద తమ్ముడు రాసి వెళ్ళిన బోర్డు చూసి రసమట్టం నొసలు ముడిచాడు. ఎడమ పక్క చీమంత అక్షరం, కుడి పక్కకొచ్చేసరికి గుమ్మడికాయంత!

"మీ తమ్ముడు తాగి రాశాడా అమ్మా?"

"వాడు చుక్క ముట్టడు అన్నయ్యగారూ. ఈ వీధిలో బోర్డులన్నీ అంతే రాస్తారు."

"అందరూ గోతిలో పడితే మనమూ పడాలా?"

ఆవిడ నసిగింది. "రేపు నలుగురూ రాకపోతే మళ్ళీ ఆ ఆసుపత్రివాళ్ళ కాళ్ళే పట్టుకోవాలి. ఎందుకొచ్చిన గొడవ, వదిలెయ్యండి."

"అందుకేగా చెప్పేది!" అని ఆయన బోర్డు దింపి గీకేశాడు. సాయంత్రానికల్లా అక్షరాలన్నీ ఒకే ఎత్తు, ఒకే లావు. ఎదురుగా నిలబడి మురిసిపోయాడు. ఈ ఊరు పుట్టాక మొదటి తిన్నని గీత తనదేననుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం దాకా పురుగు కూడా రాలేదు. చివరికి నెలలు నిండిన కోడల్ని చెయ్యి పట్టి నడిపించుకుంటూ ఒక అత్తగారు వచ్చి నర్సు మీద విరుచుకుపడింది.

"బస్సులోంచే బోర్డు కనిపిస్తుందన్నావు! రెండు స్టాపులు దాటిపోయాం. ఈ పిల్లని ఎండలో వెనక్కి నడిపించాను. రాసినవాడి చేతులు విరగ!"

నర్సు పిల్లని లోపల పడుకోబెట్టింది. రసమట్టానికి ఒళ్ళు మండింది. చదువురాని మొహాలు, బోర్డునంటారా! తేల్చుకుందామని వంతెన అవతలి స్టాపుకెళ్ళి ఇటొచ్చే బస్సెక్కాడు. బస్సు వంతెన దిగి గోడల పక్కనుంచి దూసుకొచ్చింది. ఈ ఊళ్ళో ఏ బోర్డుకీ ఎదురుగా నిలబడే చోటే లేదు, చదివితే పక్కనుంచే చదవాలి. మొదలు చిన్నగా, చివర పెద్దగా రాసిన ఆ వంకర బోర్డులన్నీ కిటికీలోంచి వరసగా, తిన్నగా కనిపించాయి. తన అక్షరాలు మాత్రం ఎక్కడా లేవు. ఏదో నల్లటి గీతలాంటిది పోయింది, అంతే. చూస్తుండగానే ఇల్లు దాటిపోయింది.

రెండు స్టాపుల దూరం ఎండలో నడిచొచ్చాడు. గుమ్మంలో నర్సు నిలబడి ఉంది.

"మీరూ దాటిపోయారా అన్నయ్యగారూ?"

ఆయన జేబులోంచి రసమట్టం తీసి కిటికీలో పెట్టాడు. నిచ్చెన గోడకి ఆనించాడు.

"పాడు ఊరు," అని గొణిగాడు. "తమ్ముడికి ఫోన్ కలుపమ్మా. చివరి అక్షరం ఎంత లావుండాలో అడగాలి."