ఎర్ర స్టిక్కర్ల వ్యాకరణం

చొక్కా చేతికిస్తే చాలు, పెద్దక్క కాలరు లోపల వేలు నడిపి ఎక్కడ కుట్టు ఎగిరిపోయిందో చెప్పేస్తుంది. ఆ చొక్కాల కంపెనీలో చెకింగ్ హాలు తెరిచిన రోజు నుంచీ, అంటే పందొమ్మిదేళ్లుగా, ఆవిడ పని అదే. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా నిలబడే చెయ్యాలి. కూర్చుంటే నిద్రొస్తుందని కంపెనీవాళ్ల నమ్మకం. హాల్లో కూర్చునే హక్కు సూపర్‌వైజరు ఒక్కడికే. సూపర్‌వైజరుకు నిద్ర రాదు కాబోలు!

ఈ పందొమ్మిదేళ్లలో ఆవిడ మోకాళ్లు అరిగిపోయాయి. ఇంకో ఏడాది ఇలాగే నిలబడితే మంచమే గతి అని డాక్టరు మొహం మీదే చెప్పాడు. మానేద్దామంటే కూతురి నర్సింగు చదువు ఇంకా రెండేళ్లుంది. సరిగ్గా అప్పుడే పాత సూపర్‌వైజరు రిటైరయ్యాడు. ఆ ఉద్యోగం న్యాయంగా ఎవరికి రావాలో హాల్లో చీపురుకట్టనడిగినా చెబుతుంది.

కొత్త మేనేజరు చీపురుకట్టనడగలేదు. ఆయనకో బావమరిది ఉన్నాడు. మూడు నెలల కిందటే పనిలో చేరాడు. చొక్కాకు బొత్తాలు ఏ వైపుంటాయంటే తన చొక్కా చూసుకుని చెప్పే రకం. మనిషి కన్నా ముందు వాసన వస్తుంది గనక ఆడవాళ్లంతా సెంటుబాబు అనేవారు. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదని ఊరికే అన్నారా? అయితే మేనేజరు పద్ధతి గల మనిషి. చెయ్యి చాచి వడ్డిస్తే బాగుండదని ఒక పరీక్ష పెట్టాడు.

“వచ్చే నెల విదేశీ బయ్యరు వస్తున్నాడమ్మా. సూపర్‌వైజరన్నాక ఇంగ్లీషు రావద్దూ? ఎవరికి ఎక్కువ మార్కులొస్తే వాళ్లకే పోస్టు. నాకు అందరూ సమానమే,” అన్నాడు, బావమరిది భుజం మీద చెయ్యేసి.

మర్నాటి నుంచి రోజూ మధ్యాహ్నం ఒక మాస్టారు రావడం మొదలెట్టాడు. చెమటలు కారిపోతున్నా టై విప్పని మహానుభావుడు.

“నౌన్ అంటే నామవాచకం. మనిషి పేరు, చోటు పేరు, వస్తువు పేరు. కంటికి కనిపించేదంతా నౌనే!” అన్నాడు, లోకాన్ని తానే కుట్టి ఇస్త్రీ చేసి తెచ్చినట్టు.

“పేరు తెలిస్తే సరిపోతుందా మాస్టారూ? దాన్ని ఏం చెయ్యాలో తెలియొద్దూ?” అంది పెద్దక్క.

“అది వెర్బు. వచ్చే వారం.”

మూడు వారాలు గడిచినా ఆ వచ్చే వారం రాలేదు. నౌన్లకు అంతెక్కడ? టేబులు, కుర్చీ, ఫ్యాను, కిటికీ, మళ్లీ టేబులు. పెద్దక్క ఇంటికెళ్లి వంట చేస్తూ గరిటెనూ గిన్నెనూ ఇంగ్లీషులో పలకరించేది. కూతురు పక్క గదిలో నోరు నొక్కుకుని నవ్వేది. నవ్వదూ మరి! కానీ పెద్దక్కకు నవ్వు రాలేదు. ఒక్కో పదం బుర్రలో నిలుపుకోవడానికి ఆవిడ పడ్డ యాతన పగవాడికి కూడా వద్దు.

బయ్యరు శనివారం పొద్దున వస్తాడనగా శుక్రవారం మధ్యాహ్నం మాస్టారుకు జ్ఞానోదయమైంది. హాల్లోనూ, మేనేజరు గదిలోనూ ఉన్న ప్రతి వస్తువు మీదా దాని ఇంగ్లీషు పేరు రాసి అంటించాలన్నాడు. బయ్యరు చూసి మురిసిపోవాలట. సెంటుబాబు పరుగున వెళ్లి స్టోరులోంచి స్టిక్కర్ల కట్ట తెచ్చాడు. ఎర్ర స్టిక్కర్లు.

పెద్దక్క గుండె జారిపోయింది. ఆ కంపెనీలో ఎర్ర స్టిక్కరంటే పాడె కట్టినట్టే. అది అంటించిన వస్తువు పనికిరాదని అర్థం. సాయంత్రం ఆరింటికి హమాలీలొచ్చి ఎర్రది కనిపించినదల్లా మోసుకెళ్లి చెత్త లారీలో పడేస్తారు. ఎందుకని అడగరు. ఒకసారి అడిగినందుకు పెద్దక్కే వాళ్ల దుమ్ము దులిపింది. ఇక్కడ పని నేర్చుకోని సెంటుబాబుకు, మాస్టారుకు, కొత్త మేనేజరుకు తప్ప ఈ సంగతి అందరికీ తెలుసు.

“మాస్టారూ, ఆగండి. ఇక్కడ ఎర్ర స్టిక్కరంటే...”

“తెలుగా? నా క్లాసులోనా?” మాస్టారు చెవులు మూసుకున్నాడు. “ఇంగ్లీషులో చెప్పు!”

పెద్దక్క దగ్గర ఉన్నవి నౌన్లే. ఉన్నవాటినే పోగుచేసింది. “స్టిక్కర్... రిజెక్ట్... లారీ!”

“వెరీ గుడ్! మూడు నౌన్లు!” అని మాస్టారు చప్పట్లు కొట్టాడు.

“అయ్యో, అది కాదండీ...”

“మళ్లీ తెలుగు! అందుకేనమ్మా మీరంతా ఇలా నిలబడే ఉండిపోతారు.”

ఆ మాట ఆవిడకు సూదిలా దిగింది. మిగతా ఆడవాళ్లు చెప్పబోతే పెద్దక్క కళ్లతోనే వద్దంది. గురువు మాట జవదాటకూడదు కదా! తెలుగు మాట్లాడొద్దన్నాడు, మాట్లాడలేదు. బయ్యరుకు చూపించాల్సిన పది శాంపిలు చొక్కాల మీద అంటించినవి మాత్రం చడీచప్పుడు లేకుండా పీకేసి, చొక్కాలను తన బీరువాలో పెట్టి తాళం వేసి, బీరువా మీది స్టిక్కరునూ పీకేసింది. ఎంతైనా చొక్కా చొక్కానే.

ఆపైన ఆ సాయంత్రం పెట్టిన పరీక్ష రాసింది. ఆరు కాకముందే మేనేజరూ మాస్టారూ కారెక్కారు, ఆవిడా ఇంటికెళ్లింది.

శనివారం పొద్దున మేనేజరు తలుపు తీసి, “దొంగలు!” అని కేకేశాడు.

“దొంగలు కాదండీ, మన హమాలీలే. రూలు ప్రకారం తీసుకెళ్లారు,” అన్నాడు వాచ్‌మన్.

టేబుళ్లు లేవు, ఫ్యాన్లు లేవు, మేనేజరు గదిలో కుర్చీ లేదు. మాస్టారు వదిలి వెళ్లిన బ్యాగు కూడా లేదు. అదీ నౌనే పాపం. గోడలు మాత్రం మిగిలాయి, మోయలేక.

అంత గోలలోనూ మేనేజరు పద్ధతి తప్పలేదు. మార్కుల కాగితం గోడకు అంటించాడు. సెంటుబాబుకు యాభైకి నలభై ఆరు. పెద్దక్కకు తొమ్మిది. పెద్దక్క ఆ తొమ్మిదిని రెండుసార్లు చూసింది. ఏడుపొచ్చింది. కూతురి ఫీజు, డాక్టరు మాట, ముందున్న ఏడాదంతా ఒక్కసారే కళ్ల ముందు తిరిగాయి. కొంగుతో మొహం తుడుచుకుని తన చోట్లో నిలబడింది. వేరే చెయ్యడానికేముంది?

పదింటికి బయ్యరొచ్చాడు. సెంటుబాబు ఎదురెళ్లి, నెలరోజులు వల్లించిన ఇంగ్లీషంతా ఊపిరి తిప్పుకోకుండా అప్పజెప్పాడు. బయ్యరు ఓపిగ్గా విని, నవ్వి, తల అడ్డంగా ఊపాడు.

ఆయనకు ఇంగ్లీషు రాదు! ఆయన్ను తీసుకొచ్చిన డ్రైవరు చెప్పాడు, ఆయన దేశంలో ఆ భాష ఎవరికీ పట్టదట. దుబాసీ దారి తప్పి అరగంట వెనక వస్తున్నాడు. మేనేజరు మొహంలో నెత్తురు చుక్క లేదు.

పెద్దక్క బీరువా తీసి శాంపిలు చొక్కా ఒకటి బయ్యరు చేతిలో పెట్టింది. ఆయన కాలరు లోపల వేలు నడిపాడు, అచ్చం ఆవిడ లాగే. ఒకచోట ఆగి ఆవిడ వంక చూశాడు. ఆవిడ అప్పటికే అక్కడ అంటించడానికి స్టిక్కరు పట్టుకుని ఉంది. ఆయన పకపకా నవ్వాడు. ఇంకో చొక్కా తీసుకున్నాడు. అరగంట పాటు ఇద్దరూ చొక్కాల చంకల్లో, చేతుల్లో, బొత్తాల కాజాల్లో తప్పులు వెతికారు. నోరు తెరిచిన పాపాన పోలేదు.

దుబాసీ వచ్చాక బయ్యరు ఏదో గడగడా చెప్పాడు. దుబాసీ తెలుగులో విప్పాడు. “ఆర్డరు ఇస్తారట. కానీ ప్రతి పెట్టె మీదా ఈవిడ చూశానని సంతకం పెట్టాలట. మొదటి సంతకం ఈ ఆర్డరు కాగితం మీదే. ఈవిడ కాకపోతే ఒక్క చొక్కా కూడా వద్దట.”

“అదెంత భాగ్యం! పెట్టమ్మా పెద్దక్కా, పెట్టు,” అంటూ మేనేజరు పెన్ను అందించాడు.

పెద్దక్క పెన్ను తీసుకుంది. మూత తియ్యలేదు.

“పెడతాను సార్. నిలబడి మాత్రం పెట్టను.”

“అదేంటమ్మా! కూర్చోవడమంటే అది సూపర్‌వైజరుకే కదా...”

“అవును సార్.”

అంతే అంది. బయ్యరు దుబాసీని ఏమైందని అడిగాడు. మేనేజరు ఒకసారి బావమరిదిని చూశాడు, ఒకసారి కాగితాన్ని చూశాడు. ఎంత కావలసినవాడైనా సెంటుబాబు ఆర్డరు తేలేడు.

“ఒరేయ్,” అన్నాడు చివరికి, “వెళ్లి సూపర్‌వైజరు గారికి ఎక్కడైనా ఒక కుర్చీ పట్టుకురా.”

సెంటుబాబు వీధి చివర మంగలి షాపు నుంచి ఒక కుర్చీ నెత్తిన పెట్టుకుని రొప్పుతూ వచ్చాడు. పెద్దక్క రెండు చేతులా దాన్ని పట్టుకుని, మోకాళ్లు మెల్లగా వంచి కూర్చుంది. నొప్పికి కళ్లలో నీళ్లొచ్చాయి. మేనేజరూ, మాస్టారూ, బయ్యరూ చుట్టూ నిలబడి సంతకం కోసం ఎదురుచూస్తున్నారు. ఆవిడకేం తొందర లేదు.