తుండు ఇచ్చిన సీటు

పెద్దింటయ్య కూతురు ఇకమీదట మగాళ్ళనే కోస్తుందట. ఈ మాట మా పక్కింటి యేసమ్మ మా ఆవిడతో అంది. యేసమ్మకి లిడియా చెప్పింది. లిడియా ఏలూరులో నర్సు కాబట్టి ఇందులో అబద్ధం ఉండదని మా ఆవిడ తీర్పు.

"ఆడాళ్ళ డాక్టరీ చదవమంటే వద్దందంటండీ. కత్తి పట్టే చదువే కావాలందంట. పెళ్ళి కావాల్సిన పిల్ల, ఎవర్ని ఎక్కడ కొయ్యాల్సొస్తుందో ఏవిటో!" అని యేసమ్మ ముక్కు మీద వేలేసుకుందట. ఆ వేలు తీసేలోగా సంగతి పడవల రేవు దాకా పాకిపోయింది.

అసలు సంగతి ఇది. పెద్దింటయ్య కూతురు నాగదుర్గ కాకినాడలో డాక్టరీ పూర్తిచేసి, పై చదువుకి పరీక్ష రాసింది. ర్యాంకు బాగానే వచ్చింది. కానీ జనరల్ సర్జరీ సీట్లు బొత్తిగా తక్కువ, ఆశపడేవాళ్ళు ఎక్కువ. విజయవాడలో కౌన్సెలింగు నాడు ర్యాంకు వరసన ఒక్కొక్కరినీ పిలుస్తారు. మిగిలిన సీట్లలోంచి ఎవరికి కావాల్సింది వాళ్ళు తీసుకోవాలి. నాగదుర్గ వంతు వచ్చేసరికి ఆఖరి సర్జరీ సీటు ఉంటే ఉన్నట్టు, పోతే పోయినట్టు. హౌస్‌సర్జన్‌గా ఉన్నప్పుడు తోటివాళ్ళలో ఎవరికి సినిమాకి వెళ్ళాలనిపించినా తమ ఆపరేషన్ థియేటర్ డ్యూటీ ఆ పిల్లకి ఇచ్చేసి వెళ్ళేవారట. "అక్కడ నిలబడితే నాకు ఆకలి తెలీదు నాన్నా" అని ఒకసారి చెప్పిందని పెద్దింటయ్య దిగులుగా నాతో అన్నాడు. ఆకలి తెలియకపోవడం జబ్బేమోనని అతని భయం.

ఇది పెద్దింటయ్య ఇంటి విషయంగానే ఉండిపోవాల్సింది. ఉండలేదు. ఎందుకంటే ఆ ఏడు మా ఊరి పెద్దలకి పని లేదు.

కిందటేడు ప్రభుత్వం వాళ్ళు కొల్లేట్లో చేపల చెరువుల గట్లన్నీ కొట్టేశారు. చెరువులు పోయాక చెరువుల వేలంపాట పోయింది. పాట పోయాక మా సొసైటీ ప్రెసిడెంటు నిత్యానందం గారికి పొద్దు గడవడం మానేసింది. అంతకుముందు ఆయన వైభవం చూడాలి. పాట నాడు అధికారుల ముందు జరిగేది ఉత్త నాటకం. అసలు పాట ముందురోజే సొసైటీ అరుగు మీద అయిపోయేది. ఫలానా చెరువు ఫలానా వాళ్ళకి అని పెద్దలు తేల్చేవారు. తప్పుకోడానికి ఒప్పుకున్నవాడు భుజం మీది తుండుగుడ్డ తీసి ప్రెసిడెంటు చేతిలో పెట్టేవాడు. తుండు ఇచ్చినవాడు మర్నాడు పాటలో కూర్చోవచ్చు, వక్క నమలొచ్చు, కానీ నోరు తెరవకూడదు. పాట ముగిశాక ఎవరి తుండు వాళ్ళకి తిరిగి ఇచ్చేవారు. తుండు ఇచ్చి నోరు తెరిచినవాడు మా ఊళ్ళో ఇంతవరకు పుట్టలేదు.

అలాంటి నిత్యానందం గారు సెలవుల్లో ఇంటికొచ్చిన నాగదుర్గని అరుగు దగ్గరికి పిలిపించారు. నేనూ అక్కడే ఉన్నాను.

"అయితే ఇది పాటే కదమ్మా" అన్నారు అంతా విని.

"పాట కాదు పెదనాన్నా, ర్యాంకు."

"ర్యాంకంటే వరస. ముందున్నోళ్ళు తప్పుకుంటే ఆ సీటు వెనకోళ్ళకి వస్తుందా, రాదా?"

"వస్తుందండి."

"మరి తప్పుకోమని వాళ్ళనెవరన్నా అడిగారా?"

ఇన్నేళ్ళ చదువులో ఈ ప్రశ్న ఏ ప్రొఫెసరూ అడిగి ఉండడు.

"చూశారా" అన్నారు ఆయన మావైపు తిరిగి. "చదువుకున్నోళ్ళకి అడగడం తెలీదు."

అలా కౌన్సెలింగు నాడు మా ఊరి పెద్దలు విజయవాడ బయల్దేరారు. వేరే బండి దొరక్క చేపల వ్యాను కడిగారు. ఎంత కడిగినా అది చేపల వ్యానే. ఇంగ్లీషు బోర్డులు చదవడానికి నన్ను ఎక్కించుకున్నారు. నాగదుర్గ ముందు సీట్లో ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "మీరెవరూ రావక్కర్లేదండీ, నాన్న చాలు" అని ఆ పిల్ల మూడుసార్లు చెప్పింది. "పిచ్చిదానా, ఊరు ఉన్నది ఎందుకు?" అని వాళ్ళు మూడుసార్లూ నవ్వారు.

యూనివర్సిటీ ఆవరణలో షామియానా వేశారు. ఎక్కడ చూసినా తల్లిదండ్రులే. పిల్లలు ఒక మూల నిలబడి పేర్లు పిలవడం కోసం చెవులు రిక్కించుకుని ఉంటే, పెద్దవాళ్ళు ఆ పిల్లల జీవితాలు పంచుకుంటున్నారు. మా వాళ్ళు వచ్చి కూర్చోగానే చుట్టూ నాలుగు వరసల కుర్చీలు ఖాళీ అయ్యాయి. వ్యాను మహత్యం. నిత్యానందం గారు మాత్రం దాన్ని మర్యాద కింద లెక్కేసుకున్నారు.

ముందుగా చింతలపూడి నుంచి వచ్చిన ఒక రైతుని పట్టుకున్నారు. ఆయన కొడుకుది నాగదుర్గ కంటే ముందు ర్యాంకు.

"ఏవండీ, మీ అబ్బాయిని సర్జరీ జోలికి రావద్దని చెప్పాలండీ. మా పిల్ల ఆశపడుతోంది."

"మావాడికి ఎముకల డాక్టరు సీటండీ కావాల్సింది. సర్జరీ మాకెందుకండీ?" అన్నాడాయన బెదిరిపోతూ.

నిత్యానందం గారు మీసం దువ్వుకుంటూ తిరిగొచ్చారు. "తప్పించేశాం!" అన్నారు. మిగతా పెద్దలు భుజాలు ఎగరేశారు. ఏడాదిగా చచ్చిపడున్న ఒంట్లోకి రక్తం వచ్చినట్టయింది వాళ్ళకి.

సరిగ్గా అప్పుడే డాక్టరు బంగార్రాజు గారు వచ్చారు.

తాడేపల్లిగూడెంలో ఆయన నర్సింగ్‌హోము తెలియనివాళ్ళు లేరు. గణపవరం వైపు చేపల చెరువులు కూడా చేయించేవారు కాబట్టి పాటల మర్మం, తుండు మర్యాద ఆయనకి బాగా తెలుసు. కొడుకు మధుబాబుది నాగదుర్గ తర్వాతి ర్యాంకు. కొడుకు సర్జన్ అవుతాడన్న నమ్మకంతో నర్సింగ్‌హోము ముందు బోర్డు ఎప్పుడో రాయించేశారు. పేరు పక్కన "ఎం.ఎస్." అన్న అక్షరాల మీద ప్రస్తుతానికి అట్టముక్క అతికించారు. సీటు రాగానే పీకెయ్యడమే.

"ఏవండీ నిత్యానందం గారూ! అంతా కులాసానా అండీ?" అంటూ ఆయన వచ్చి మా మధ్యనే కూర్చున్నారు. వాసన తగలనట్టే కూర్చున్నారు. అక్కడే సగం గెలిచారు. అందరికీ కాఫీలు తెప్పించారు. తర్వాత మెల్లగా అన్నారు: "ఆడపిల్ల కదండీ. సర్జరీ అంటే ఎన్ని గంటలు నిలబడాలో! అదే గైనిక్ తీసుకుందనుకోండి, నేనే మా నర్సింగ్‌హోములో గదిస్తాను. లేడీ డాక్టరుగా రాణిలా ఉంటుంది. ఆ సర్జరీ సీటు మా మధుకి వదిలేస్తే, మీ ఊరూ మా ఊరూ ఒకటే."

పెద్దింటయ్య కాఫీ కప్పు పట్టుకుని బిత్తరపోయి చూస్తున్నాడు.

"అదీగాక" అని బంగార్రాజు గారు నిత్యానందం గారి చెవి దగ్గరికి వంగారు. పక్కనే ఉన్నాను కాబట్టి నాకూ వినిపించింది. "మావాడు సర్జన్ అవగానే మొదటి ఆపరేషన్ మీదేనండీ. మూడో కంటికి తెలియనివ్వను."

"నాకేంటండీ ఆపరేషన్?"

"నడక చూశానండీ" అన్నారు ఆయన ఎంతో సానుభూతిగా.

నిత్యానందం గారికి వరిబీజం ఉంది. ఊళ్ళో అందరికీ తెలుసు, తెలుసని ఆయనకి మాత్రం తెలియదు. పంచె వదులుగా కట్టి, కాళ్ళు ఎడంగా వేసి నడుస్తారు. ప్రెసిడెంటంటే అలా నడవాలి కాబోలని మా పిల్లలు కొన్నాళ్ళు ఆ నడక నేర్చుకున్నారు కూడా. సిగ్గుతో ఏ డాక్టరుకీ చూపించుకోని మనిషికి అడక్కుండా వరం దొరికింది. ఆయన కళ్ళు చెమర్చాయి. గొంతు సవరించుకుని పెద్దింటయ్య వైపు తిరిగారు.

"పెద్దింటయ్యా, ఊరు నీ కూతురి మంచే కోరుతుంది. తుండు ఇచ్చెయ్యి."

"అమ్మాయిని ఒక్కమాట..." అన్నాడు పెద్దింటయ్య.

"చెరువు పాటలో చేపల్ని అడుగుతామేంట్రా?"

పెద్దలందరూ నవ్వారు. పెద్దింటయ్య తుండు తీసి ఆయన చేతిలో పెట్టాడు. ఆ తుండుని నిత్యానందం గారు మడత పెట్టిన తీరు చూస్తే కొల్లేట్లో గట్లన్నీ మళ్ళీ లేచాయనిపించింది. అవతల మధుబాబు సెల్‌ఫోనులో పాము ఆట ఆడుకుంటున్నాడు.

అంతలో నాగదుర్గ పేరు పిలిచారు. తోడుగా ఒక్కరినే లోపలికి రానిచ్చారు. లోపల జరిగింది తర్వాత పెద్దింటయ్యే నాకు చెప్పాడు.

హాల్లో గోడ మీద పెద్ద తెర. అందులో సీట్లు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయట. జనరల్ సర్జరీ ఎదురుగా ఒకటి ఇంకా మిణుకుమంటోంది. నాగదుర్గ దాన్ని చూసి తండ్రి చెయ్యి గట్టిగా పట్టుకుంది. సంతోషంగా అతని వైపు తిరిగింది. తిరిగి, అతని భుజం చూసింది. వట్టి భుజం.

మా ఊళ్ళో పుట్టిన పిల్లకి విడమరిచి చెప్పాలా?

"నాన్నా, తుండేది?"

అతను తల దించుకున్నాడు.

"ఎవరికి తప్పుకున్నాం?"

"బంగార్రాజు గారబ్బాయికమ్మా. నీకు గైనిక్... గది కూడా ఇస్తానన్నారు. నీ మంచికేనంటమ్మా..."

అంతలో బల్ల వెనక అధికారి అడిగాడు: "చెప్పండమ్మా, ఏ సీటు?"

పెద్దింటయ్య ఇచ్చిన మాట గుర్తుచేసుకుని ముందుకొచ్చాడు. "అయ్యా, మా అమ్మాయికి గై..."

నాగదుర్గ చెయ్యి అడ్డం పెట్టింది. "నాన్నా, తుండు ఇచ్చినోళ్ళు పాటలో నోరు తెరవకూడదు. నువ్వు కూర్చో."

అతను కూర్చున్నాడు. అది కట్టుబాటు. పైగా, కూర్చోమన్నందుకు గుండె మీద బరువు దిగినట్టయిందని నాతో అన్నాడు, ఇది మాత్రం పెద్దలకి చెప్పొద్దని.

"జనరల్ సర్జరీ అండీ" అంది నాగదుర్గ. తెర మీద ఆ ఒక్కటీ ఆరిపోయింది.

తర్వాత లోపలికెళ్ళిన మధుబాబు మత్తు డాక్టరు సీటు తీసుకుని, ఎవరూ తిట్టలేని మొహంతో ఈల వేసుకుంటూ బయటికొచ్చాడు. బంగార్రాజు గారు నిత్యానందం గారి ముందుకొచ్చి నిలబడ్డారు. ఈసారి కూర్చోలేదు. జేబులోంచి రుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు.

"మీ ఊరి తుండుకి విలువ ఇదేనా అండీ?" అని వెళ్ళిపోయారు.

తిరుగు ప్రయాణంలో వ్యానులో ఎవరి మొహం చూసినా చావింటి నుంచి వస్తున్నట్టుంది. ముందు సీట్లో ఫైలు ఒళ్ళో పెట్టుకున్న పిల్ల ఒక్కతే బత్తాయి వలుచుకుని తింటోంది. ఆకలి తెలిసినట్టుంది. హనుమాన్ జంక్షన్ దాటాక నిత్యానందం గారు ఉండబట్టలేకపోయారు.

"తుండు ఇచ్చాక మాట తప్పిన ఊరు అయిపోయాం. రేపు తాడేపల్లిగూడెంలో ఎలా తలెత్తుకోవాలి?"

"నాన్న మాట తప్పలేదు పెదనాన్నా. నోరు తెరవలేదు, కూర్చునే ఉన్నాడు. కావాలంటే అడగండి. తుండు నాన్నది, ఇచ్చెయ్యండి."

మిగతా పెద్దలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇందులో తప్పెక్కడుందో పట్టుకోవాలని వ్యాను పైకప్పు వైపు కూడా చూశారు. దొరకలేదు. నిత్యానందం గారు తుండు ఇచ్చేశారు. పెద్దింటయ్య దాన్ని దులిపి భుజాన వేసుకున్నాడు. కొంతదూరం వెళ్ళాక నిత్యానందం గారు సీట్లో ఇబ్బందిగా అటూ ఇటూ కదిలి, తనలో తానే గొణుక్కున్నారు.

"అందరి సంగతీ తేలిపోయింది. మరి నా సంగతెవరు చూస్తారంట?"

నాగదుర్గ బత్తాయి తొనలు తండ్రి చేతిలో పెట్టి వెనక్కి తిరిగింది.

"మూడేళ్ళు ఆగండి పెదనాన్నా. మీ వరిబీజం నేనే కోస్తాను."