కట్టేయడమంటే ఏంటి బావా?

నాకు చీదర ఎక్కువ. ఎవరైనా తింటున్న చేత్తో మౌస్ పట్టుకుంటే ఆ పూట నాకు ముద్ద దిగదు. ఇంట్లో అందరూ నన్ను చీదరమ్మ అనే పిలుస్తారు. అలాంటిదాన్ని ఏరికోరి కంప్యూటర్లు బాగుచేసే పనిలో పడ్డాను. మనుషుల చుండ్రు, జుట్టు, బిస్కెట్ పొడి అన్నీ చివరికి చేరేది కీబోర్డు కిందికేనని ఈ పని నేర్పినవాళ్ళు ఒక్కముక్క చెప్పలేదు.

మా బావది అట్టపెట్టెల కంపెనీ. బావంటే మా అక్క మొగుడు. వెనక గోదాము, ముందు చిన్న ఆఫీసు గది, రెంటికీ కలిపి పులిసిన జిగురు కంపు. ఆఫీసులో ఉన్నది ఒకటే కంప్యూటర్. దాని ముందు కూర్చుని సరుకు చీటీలు తీసేది బిల్లులావిడ. నలభై దాటిన మనిషి, పదకొండేళ్ళుగా అక్కడే పనిచేస్తోంది. ఆవిడ చీటీ ఇవ్వనిదే లారీ కదలదు. ఆవిడ భోజనానికి లేచిందంటే చాలు, ఆ కుర్చీలో మా బావ చేరి పేకాట ఆడతాడు. ఆడుతూ గోళ్ళు కత్తిరించుకుంటాడు. పళ్ళు కుట్టుకున్న పుల్లల్ని సీపీయూ పెట్టెకున్న కన్నాల్లోకి దోపుతాడు. ఇదేం పని బావా అంటే, "చెత్తబుట్ట దూరం మరదలా" అని నవ్వుతాడు. అక్క ఈ మనిషి పక్కన కూర్చుని ఎలా తింటుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ కంప్యూటర్‌కి ఈమధ్య ఒక జబ్బు పట్టుకుంది. కొన్ని రోజులు పొద్దున్నే తెరుచుకోదు. డిస్కు దొరకలేదంటూ నల్లటి తెరమీద రెండు లైన్లు వస్తాయి. పక్క కొట్టు కుర్రాడు వచ్చి సెట్టింగులు సరిచేసేదాకా లారీలు కదలవు. మర్నాడు ఏమీ ఎరగనట్టు మామూలుగా తెరుచుకుంటుంది. మూడు వారాల కింద బావ పిలిస్తే వెళ్ళాను. ఆ రోజు అది బుద్ధిమంతురాలిలా పనిచేస్తోంది. విప్పి చూద్దామని వంగితే కన్నాల్లోంచి పుల్లల కొనలు, వాటికి చిక్కుకున్న గోటిముక్కలు కనిపించాయి. మూత జోలికి పోకుండా లేచి నిలబడ్డాను. విప్పలేదు.

"రాత్రిపూట ఏం చేస్తారు బావా?" అని అడిగాను.

"ఎవరు చివర వెళ్తే వాళ్ళు కట్టేసి వెళ్తాం" అన్నాడు.

సరే, పద్ధతిగానే ఆపుతున్నారనుకున్నాను. గోడ కరెంటు తీయని పెట్టెలో సెట్టింగులు వాటంతటవే మారవు కదా. 'యంత్రంలో లోపం లేదు, ఎవరో సెట్టింగులు మారుస్తున్నట్టుంది' అని కాగితం రాసి, సంతకం పెట్టి, ఇంటికెళ్ళి స్నానం చేశాను.

నిన్న అక్క ఫోన్ చేసింది. "బావ ఆ బిల్లులావిణ్ణి రేపు మానిపించేస్తున్నాడే. కావాలనే కంప్యూటర్ పాడుచేసి లారీలు ఆపేస్తోందట. నువ్వే రాశావుగా, ఎవరో మారుస్తున్నారని. ఇంకోసారి వచ్చి చూసి సంతకం పెట్టిపోవే."

ఎవరో అని రాశాను, ఆవిడని రాయలేదు. కానీ ఆ కుర్చీలో పొద్దున్నే కూర్చునేది ఎవరు? రాత్రంతా ఆ 'ఎవరో' నా మెదడు తొలిచేశాడు. పొద్దున్న ఎనిమిదింటికే వెళ్ళాను. బావ ఇంకా రాలేదు. బిల్లులావిడ అప్పుడే మీట నొక్కి, చేతులు ఒళ్ళో పెట్టుకుని తెరవైపు చూస్తోంది. నల్లటి తెర. రెండు లైన్లు.

"ముట్టుకోలేదు మేడం. మీరే చూశారుగా" అంది భయంగా.

సెట్టింగుల పేజీ తెరిచి చూశాను. ఏ డిస్కు నుంచి తెరుచుకోవాలో చెప్పే వరస మారిపోయి ఉంది. దాంతోపాటు తారీఖు కూడా ఎన్నో ఏళ్ళు వెనక్కి పోయి ఉంది. పాడుచేయాలనుకున్న మనిషి వరస మారుస్తుందిగానీ తారీఖు మార్చి ఏం చేసుకుంటుంది? ఇది ఎవరూ మార్చింది కాదు. పెట్టె మర్చిపోయింది. తెరుచుకున్నాక ఇంటర్నెట్ తారీఖుని సరిచేసేస్తుంది కాబట్టి ఇన్నాళ్ళూ ఎవరి కంటా పడలేదు.

ఈసారి విప్పక తప్పలేదు. ముక్కుకి చున్నీ కట్టుకుని మూత తీశాను. ఛీ! ఏం చెప్పను? పుల్లలు కట్టలు కట్టలు. ఫ్యాను రెక్కల మధ్య నెలవంకల్లా బావగారి కాలిగోళ్ళు. వాటిమీద జిడ్డు దుమ్ము, దుమ్ములో బొద్దింక రెక్కలు. రెండుసార్లు బయటికి పరిగెత్తి ఉమ్మేసి వచ్చాను. పట్టకారుతో ఒక్కొక్కటీ ఏరి, అడుగునున్న రూపాయి బిళ్ళంత బ్యాటరీని బయటికి తీసి మీటరు పెట్టాను. చచ్చిపోయి ఉంది. గోడ కరెంటు లేనప్పుడు పెట్టెకి గుర్తుంచే పని దానిదే. మరి గోడ కరెంటు ఎప్పుడు పోతోంది?

నా సంచిలోని కొత్త బ్యాటరీ వేసి, డిస్కు వరస సరిచేసి, కంప్యూటర్ నడిపించేసరికి బావ వచ్చాడు, బిల్లులావిడదే తప్పని, అందుకే మానిపిస్తున్నామని టైపు చేయించిన కాగితంతో.

"ఏం మరదలా, దొంగని పట్టేశావా?"

"బావా, నిన్న రాత్రి చివర వెళ్ళిందెవరు?"

"నేనే. ఆవిడ ఐదింటికే పోయింది. కట్టేసే వెళ్ళాను."

"కట్టేయడమంటే ఏంటి బావా? ఒకసారి చేసి చూపించండి."

వెర్రిదాన్ని చూసినట్టు చూశాడు. నేరుగా తలుపు పక్కకి వెళ్ళి, గోడమీదున్న పెద్ద స్విచ్చిని టప్పున కిందికి కొట్టాడు. లైటు, ఫ్యాను, కంప్యూటర్ అన్నీ ఒక్కసారే పోయాయి.

"ఇదే కట్టేయడం. ఇందులో చూపించడానికేముంది?"

స్విచ్చి మళ్ళీ వేసి, కంప్యూటర్ తెరుచుకున్నాక బిల్లులావిడ వైపు తిరిగాను. "మీరు కట్టేసి చూపించండి."

ఆవిడ మౌస్ పట్టుకుని, తెరమీద ఆపే గుర్తు నొక్కి, పెట్టె దీపం ఆరేదాకా ఆగింది. తర్వాత లైటు, ఫ్యాను స్విచ్చిలు విడిగా తీసింది. పెద్ద స్విచ్చి జోలికి వెళ్ళలేదు.

ఒకే మాట, రెండు పనులు. బావ కట్టేసిన మర్నాడల్లా పెట్టె అన్నీ మర్చిపోయేది, ఆవిడ కట్టేసిన మర్నాడల్లా తెరుచుకునేది. చెప్పాను. విన్నాడు. వినీ, తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నట్టు, "ఏమో, ఆవిడ కూడా ఏదో చేసే ఉంటుందిలే. నువ్వు ఈ కాగితం మీద సంతకం పెట్టు, మనలో మనకి ఇవన్నీ ఎందుకు" అన్నాడు. అంటూ జేబులోంచి పుల్ల తీసి నోట్లో పెట్టుకున్నాడు.

పొద్దున్నుంచీ ఆ పెట్టెలో ఏరినదానికన్నా ఆ మాట నాకు ఎక్కువ అసహ్యం వేసింది. పదకొండేళ్ళు చేసిన మనిషి నోటికాడి అన్నం లాగేస్తూ ఈయన పుల్ల నములుతున్నాడు.

"పెట్టను. పైగా జరిగిందంతా రాసి అక్కకి చదివి వినిపిస్తాను" అన్నాను. కొత్త కాగితం తీసుకుని, బ్యాటరీ పోయిందనీ, రాత్రిళ్ళు ఓనరుగారు గోడ స్విచ్చి తీసేయడం వల్లే సెట్టింగులు పోతున్నాయనీ, బిల్లులావిడ తప్పేమీ లేదనీ రాసి సంతకం చేశాను. అక్క పేరెత్తగానే బావ మొహం మాడిపోయింది. తాను తెచ్చిన కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, మొదటిసారిగా చెత్తబుట్ట దాకా నడిచి, గోదాములోకి వెళ్ళిపోయాడు.

గెలిచినట్టు అనిపించింది. కాగితాన్ని బిల్లులావిడ చేతికిచ్చాను, థాంక్స్ చెబుతుందని. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చదివింది. మళ్ళీ చదివింది.

"ఇందులో సార్ తప్పు రాశారు మేడం" అంది నెమ్మదిగా. "మీది ఎక్కడుంది?"

నాకు వెంటనే అర్థం కాలేదు.

"పోయినసారి మీరు నా కుర్చీలో కూర్చున్నారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఎలా కట్టేస్తావని నన్నొక్క మాట అడగలేదు. పెట్టె విప్పలేదు. ఎవరో మారుస్తున్నారని రాసి వెళ్ళిపోయారు. ఆ కాగితాన్ని సార్ గోదాములో అందరికీ చదివి వినిపించారు. మూడు వారాలుగా అక్కడ ఎవరూ నాతో కలిసి టీ తాగట్లేదు."

ఆవిడ గొంతులో కోపం లేదు. అదే నేను తట్టుకోలేకపోయాను. గోళ్ళు చూసి అసహ్యపడి విప్పలేదని చెప్పడానికి నోరు తెరిచాను. ఆ మాట పైకి అంటే ఎంత నీచంగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

ఆవిడ కాగితాన్ని నా ముందు పెట్టి, కుర్చీ ఖాళీ చేసింది. నేను కూర్చుని, సంతకం కింద మిగిలిన చోట రాయడం మొదలుపెట్టాను. ఆవిడ పక్కనే నిలబడి, ప్రతి లైనూ చదువుతూ ఉంది.