ఏడో షరతు

ఆఫీసులో అందరూ ఆమెను లాయరమ్మ అంటారు. లా చదివి, రెండేళ్లు కోర్టు వరండాల్లో ఒక సీనియరు వెనక ఫైళ్లు మోసి, చివరికి నల్లకోటు బీరువాలో పెట్టేసి ఈ ఈవెంట్ల కంపెనీలో చేరింది. తొమ్మిదేళ్లయింది. హాలు మాట్లాడటం దగ్గర్నుంచి మైకు పెట్టేవాడు చెప్పిన వేళకు వచ్చేలా చూడటం దాకా అన్నీ ఆమె పనులే. అయినా యజమాని కొత్తవాళ్ల ముందు ‘మా లాయరు’ అనే పరిచయం చేస్తాడు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య.

ఆ ఉదయం ఆమె ఒక సదస్సుకు కుర్చీల వరుసలు సరిచూస్తుండగా స్టేజీ మేస్త్రి భార్య వచ్చింది. మూడు వారాల క్రితం ఇదే హాలులో మేస్త్రి లైట్లు కట్టే ఇనుప చట్రం మీంచి పడ్డాడు. ఇక లేచి నడవడని డాక్టరు తేల్చేశాడు. కంపెనీ ఒక పళ్లసంచీ పంపి చేతులు దులుపుకుంది. ఆవిడ యజమాని కోసం నాలుగుసార్లు తిరిగిందట. నాలుగుసార్లూ మీటింగేనట.

కూర్చోమన్నా కూర్చోలేదు, కుర్చీకి తొడిగిన తెల్లగుడ్డ మాసిపోతుందని. సంచీలోంచి ఒప్పందం కాగితాలు తీసింది.

“ఇందులో మాకేమన్నా దారుందేమో చూడమ్మా.”

చూడక్కర్లేదు. ఏ పేజీలో ఏముందో లాయరమ్మకు కళ్లు మూసుకున్నా తెలుసు. ఆరేళ్ల క్రితం గాయపడ్డ ఒక పెయింటరుకు పరిహారం ఇవ్వాల్సి వచ్చింది. ఇంకోసారి అలా జరగకూడదని యజమాని అంటే, వారం రోజులు కూర్చుని ఆమే రాసింది. ‘పనివాడు’ అని ఉన్న ప్రతిచోటా కొట్టేసి ‘సొంత కాంట్రాక్టరు’ అని మార్చింది. చదివిన చదువు చాన్నాళ్లకు చేతికొచ్చిందని ఆ రోజు మురిసిపోయింది కూడా. తనను చెల్లెమ్మా అని పిలిచే మేస్త్రిని చదివి సంతకం పెట్టమంది.

“చెల్లెలు వడ్డిస్తే ఉప్పు చూసుకుని తింటామా?” అని నవ్వి పెట్టేశాడు.

ఇప్పుడు ఆవిడకు ఏడో షరతు చదివి, అరటిపండు ఒలిచినట్టు చెప్పింది. మేస్త్రి కంపెనీ మనిషి కాదు. పనిలో ఏ దెబ్బ తగిలినా పూచీ అతనిదే. కోర్టుకెళితే అని ఆవిడ అడిగితే, ఏళ్లు పడుతుందని, గెలుస్తామని మాత్రం చెప్పలేనని అంది. కేసు వేయడానికి ఒప్పందంలో కన్నం ఎక్కడుందో ఆరేళ్ల క్రితమే వెతికి వెతికి తనే పూడ్చింది.

ఆవిడ కాగితాలు మడిచింది.

“ఎవరు రాశారోగానీ గట్టిగానే రాశారు. ఆయన్నే పట్టుకుంటే మన తరఫున ఏమన్నా రాస్తాడంటావా?”

లాయరమ్మ పక్క కుర్చీని వరుసలోకి సరిగ్గా జరిపింది.

“రాసింది నేనే, వదినా.”

ఆవిడ కాగితాలు కవరులో పెట్టి రబ్బరుబ్యాండు రెండు చుట్లు చుట్టింది.

“మరి ఆయనకేం చెప్పమంటావు? చెల్లెమ్మ దగ్గరికెళితే పనవుతుందని ఆయనే పంపాడు.”

సంచీ భుజానికి తగిలించుకుంది. తర్వాత తెల్లకుర్చీలకు తగలకుండా ఒదిగి ఒదిగి వెళ్లిపోయింది.

వేదిక దగ్గర కొత్త మేస్త్రి చట్రానికి నిచ్చెన వేస్తున్నాడు. అతని చేత సంతకం పెట్టించావా అని యజమాని ఫోను చేశాడు. పెట్టిస్తున్నానంది. ఫైల్లోంచి కొత్త ప్రతి తీసి ఇస్తూ, ఏడోది ఒకటికి రెండుసార్లు చదువుకోమని అతనికి చెప్పింది.

అతను నేరుగా చివరి పేజీకి తిప్పి, పెన్ను అడిగాడు.