పదమూడో గుంట

పదకొండో గుంటలో నీలిచుక్క దించి, చుక్కలు పోసే పిపెట్ కొస మార్చి, ఆయన ఊపిరి బిగబట్టాడు. జెల్లీలా మెత్తని జెల్లు పలక మీద బియ్యపుగింజ పట్టేంత గుంటలు వరసగా ఇరవై. కుడి మణికట్టు కింద ఎడమ పిడికిలి ఆనించుకోవడం ఆయనకి మూడు నెలలుగా అలవాటు.

చేపపిల్లల కేంద్రంలో అందరికీ ఆయన గీతల మాస్టారు. వేలెడంత చేప ఆడదో మగదో కంటికి తెలియదు. తోకరెక్క నుంచి చిన్న ముక్క కత్తిరించి, డీఎన్‌ఏ తీసి, మిషనులో దానికి లక్షల నకళ్లు చేయించి, నీలిరంగు కలిపి ఈ పలక గుంటల్లో పోసి, కరెంటుతో పరిగెత్తిస్తే తేలుతుంది. ఒక్క గీత వస్తే ఆడది, రెండొస్తే మగది. ఇరవై రెండేళ్లుగా ఆయన పని ఇదే.

"మా అక్కని చేసుకునేటప్పుడు కూడా ఇంత పరీక్ష చెయ్యలేదు బావా నువ్వు," అంటాడు తొట్లు చూసే బావమరిది.

"చేసుంటే నువ్వు దొరికేవాడివా?" అంటాడాయన.

పన్నెండో చుక్క దించబోతుంటే చెయ్యి అదిరింది. సగం చుక్క పక్కనున్న పదమూడో గుంటలోకి జారింది. ఎవరూ చూడలేదు. అలవాటైన చెయ్యి ఆగలేదు. పదమూడో చేపది కూడా దాని మీదే పోసి, ఇరవై దాకా పూర్తి చేసింది. ఆయన మూత పెట్టి కరెంటు ఇచ్చాడు.

గంట తర్వాత దీపం కింద గీతలు వెలిగాయి. పన్నెండుకి రెండు. పదమూడుకీ రెండే.

లాబ్ చూసే అమ్మాయి పుస్తకం తెరిచింది. ఆమెకి పిపెట్ పట్టడం నేర్పింది ఆయనే.

"పదమూడూ మగదేనా మాస్టారూ? రాసేస్తున్నా."

ఆయన పదమూడో గుంట గీతల్ని మళ్లీ చూశాడు. మగవాటి తొట్టిలో ఒక్క ఆడది కలిసిందంటే నాలుగు నెలల్లో తొట్టినిండా పిల్లలే. ఏ చేపా ఎదగదు. ఏడాది కష్టం నీళ్లపాలు.

"రాయకమ్మా. అందులో పన్నెండోది పడింది. నా చెయ్యి వణికింది."

ఆమె కలం ఆపింది. "ఇదే మొదటిసారా?"

"పడడం మొదటిసారి. వణకడం కాదు."

"నాతో ఒక్క మాట అనకపోయారా?"

"అన్న రోజే ఆఖరి రోజు కదమ్మా."

పన్నెండు, పదమూడు చేపల నమూనా గొట్టాల్లో మిగిలినదాన్ని కొత్త పలక మీద ఆమే పోసింది. ఆయన పక్కన కూర్చున్నాడు. "మోచెయ్యి బల్లకి ఆనించు. తొందరేం లేదు," అన్నాడు, ఇరవై రెండేళ్లలో ఎంతమందికో చెప్పిన గొంతుతోనే.

పదమూడుకి ఒక్క గీతే వచ్చింది. బావమరిది పదమూడో నంబరు డబ్బాలోంచి ఆ చేపని వలగరిటెతో తీసి ఆడవాటి తొట్టిలో వదిలాడు. చేప ఒకసారి తోక కొట్టి గుంపులో కలిసిపోయింది.

సాయంత్రం ఆయన అరపేజీ రాజీనామా ఉత్తరం రాసి ఆమెకి ఇచ్చాడు. అక్షరాలు వంకరలు తిరిగాయి గాని, చదవడానికి వీలుగానే ఉన్నాయి.

"కొత్తవాళ్లకి నేర్పడానికైనా రండి మాస్టారూ."

"చేసి చూపించాలమ్మా. నోటితో వచ్చే పనా ఇది?"

బావమరిది స్కూటరు తీశాడు. ఆయన వెనక కూర్చున్నాడు. రోడ్డెక్కాక, "మీ అక్కకి నేను చెప్తాలే, నువ్వు నోరు జారకు," అన్నాడు.

లాబ్ కిటికీ గట్టు మీద ఆయన టీ తాగి, కడిగి, బోర్లించిన స్టీలు గ్లాసు అలాగే ఉంది. దాని కింది తడి ఇంకా ఆరలేదు.