తీగ గులాబీకి అరగంట

"మొక్కకు నీళ్లు పోయడానికి అరగంటెందుకు? నీళ్లు పోస్తున్నావా, లాల పోస్తున్నావా?" అన్నాడు భర్త, ఇస్త్రీ కాని చొక్కా పట్టుకుని పెరటి గుమ్మంలో నిలబడి.

ఆమె గోడ దగ్గర నుంచి లేవలేదు. వారం కిందట నాటిన తీగ గులాబీ మొదలు దగ్గర మగ్గుతో కొద్దికొద్దిగా నీళ్లు వంచుతూనే ఉంది. నర్సరీ పెద్దాయన మరీమరీ చెప్పాడు. "గోడ పక్క నేల తొందరగా ఎండుతుందమ్మా. బకెట్ కుమ్మరిస్తే పైపైన తడుస్తుంది, వేరుకు దక్కదు. కొంచెం పోసి, ఇంకనిచ్చి, మళ్లీ పోయాలి. మొదటి ఏడాది కత్తెర మాత్రం ముట్టుకోవద్దు."

నీళ్లు ఇంకేదాకా ఆగడమంటే ఊరికే కూర్చోవడమే. పదిహేడేళ్ల కాపురంలో ఆమెకు అది కొత్త. ఇంట్లో ఆమె పనులకు పేర్లుండవు, అన్నీ 'కాస్త'లే. కాస్త ఆ తువ్వాలు అందించు, కాస్త అమ్మ మాత్రలు చూడు, కాస్త ఈ గుండీ కుట్టు. ఆ కాస్తలన్నీ కలిస్తే తెల్లారి పొద్దుగూకేది. ఆఫీసులో ఆమె గీసిన పటాలు చూసే రోడ్లు వేస్తారు. అయినా మీటింగులో పదకొండు మంది కూర్చుంటే, టీ ఎవరు చెబుతారా అని పదిమందీ ఆమె వంకే చూస్తారు. ఈ అరగంటలో మాత్రం ఎవరైనా పిలిస్తే "నీళ్లు పోస్తున్నా" అనొచ్చు. ఆ మాట అనడం ఆమెకు ఎంత బాగుందో.

ఆ రోజు భర్త చొక్కా తనే ఇస్త్రీ చేసుకున్నాడు. కాలరు ఒకవైపు లేచి నిలబడింది. నాలుగో రోజుకి లొంగింది.

మూడు నెలలకు తీగ ఆమె తల దాటింది. అంతలో ఆఫీసు వాళ్లు రెండు రోజుల శిక్షణకు వేరే ఊరు పంపారు. తిరిగొచ్చి, బ్యాగు భుజాన ఉండగానే పెరట్లోకి వెళ్లింది. అన్నిటికన్నా పొడవైన కొమ్మ సగానికి లేదు.

"దారికి అడ్డొస్తోందని కాస్త కత్తిరించా. ఇంకోటీ తీసేసేవాణ్ణే, అమ్మ తియ్యనివ్వలేదు" అన్నాడు భర్త.

ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆఫీసులో నేను గీసిన పటాల మీద మీరు గీత గీస్తారా? మరి దీని మీద కత్తెరెందుకు పెట్టారు? ఇది నాది" అంది.

"నాది" అనే మాట ఆ ఇంట్లో ఆమె నోట ఎవరూ విననిది.

అత్తగారు లోపల్నుంచి పాత గుడ్డ పీలికలు పట్టుకొచ్చింది. "వాడికి కత్తెరిస్తే కోతికి కొబ్బరికాయే. రా అమ్మాయ్, మిగిలినవన్నా కడదాం. నిటారుగా కట్టాలా?"

"కాదత్తయ్యా, పక్కకి వంచి కట్టాలి. అప్పుడు కణుపు కణుపుకీ పూస్తుందట."

ఇద్దరూ కలిసి గోడ పొడుగునా తీగను వదులుగా కట్టారు. కోసిన కొమ్మ కూడా ఊరుకోలేదు. నెల తిరక్కుండానే కింది కణుపు నుంచి ఎర్రటి చిగురు వేసింది.

మరుసటి ఏడు గోడ కనిపించకుండా పూసింది. భర్త ఫొటోలు తీసి, మా ఇంటి గులాబీ అని అందరికీ పంపాడు. ఆ పొద్దున్నే ఆమెతో మంచిగానే అన్నాడు. "మొక్క నిలదొక్కుకుందిగా, ఇక వారానికి రెండుసార్లు పోస్తే చాలటగా. అయితే నీకు పొద్దున అరగంట మిగిలినట్టేగా?"

"అవునండీ, మిగిలింది" అంది ఆమె.

మర్నాడు అదే వేళకు మగ్గు లేకుండా, కుర్చీ ఒకటి తీసుకుని పెరట్లోకి వెళ్లి కూర్చుంది.

"ఏం చేస్తున్నావమ్మాయ్?" లోపల్నుంచి అత్తగారు అడిగింది.

"ఏమీ చెయ్యట్లేదత్తయ్యా."

కాసేపటికి అత్తగారు ఇంకో కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చి పక్కన వేసుకుంది.

"నేనూ అదే చేస్తాను" అంది.