ఈస్టర్ సున్నం

మా ఆయన ప్రేమదాసుకు సున్నం మిగిలితే నిద్రపట్టదు. ఏటా ఈస్టర్ ముందు రోజు, పొలం మూలనున్న మా అత్త సమాధికి సున్నం వేస్తాడు. మిగిలింది పారబోయడానికి మనసొప్పక నాలుగు హద్దురాళ్ళకూ పూసి వస్తాడు. తొంభై తొమ్మిదిలోనూ అదే చేశాడు. ఆ పనే మా కొంప ముంచబోయింది.

శంషాబాద్‌కు విమానాశ్రయం వస్తుందని, దానికి రోడ్డు కావాలని అప్పటికే పొలాలు కొలుస్తున్నారు. భూమి ఇస్తామని ఒప్పుకున్నవాళ్ళ హద్దురాళ్ళకు సర్వే వాళ్ళు సున్నం పూసి పోతున్నారు. మేము ఒప్పుకోలేదు. మాకున్నది ఆ ఎకరమే.

సోమవారం పొద్దున సర్వేయర్ కొండల్ ఒక పోలీసును వెంటబెట్టుకుని జీపులో దిగాడు. చేతిలో జాబితా ఉంది.

"నువ్వు ఒప్పుకున్నట్టు రాసిన. నువ్వే సున్నం ఏసుకున్నవ్ గద. ఇగ సంతకం పెట్టు" అన్నాడు.

"అది పండుగ సున్నం సారు" అన్నాడు మా ఆయన, తప్పు చేసినవాడిలా నసుగుతూ. పైగా ఇచ్చిన పెన్ను అందుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

కొడవలి తీసుకుని మొదటి రాయి దగ్గర కూర్చుని సున్నం గీకడం మొదలుపెట్టాను.

"సర్కారు గుర్తు చెరిపితే కేసయితది" అంటూ పోలీసు లాఠీ అడ్డం పెట్టాడు.

"శనివారం నా బకెట్ల ఉన్న సున్నం సర్కారుది ఎప్పుడైంది? మా అత్త సమాధికి గూడ గదే సున్నం. ఆమె గూడ ఒప్పుకున్నట్టేనా? రాసుకో మరి" అన్నాను.

భయం వేయలేదంటే అబద్ధమే. అయినా లాఠీ పక్కనుంచి గీకాను. ఇంతలో వెనక చప్పుడైంది. మా ఆయన పెన్ను కొండల్‌కు తిరిగిచ్చేసి, రెండో రాయి ముందు మోకాళ్ళ మీద కూర్చుని కుండపెంకుతో గీకుతున్నాడు.

ఇద్దరం కలిసి నాలుగు రాళ్ళూ శుభ్రం చేశాం. పోలీసు లాఠీ తీసేశాడు. కొండల్ కాసేపు సమాధి వైపు చూసి, జాబితాలో మా పేరు కొట్టేశాడు.

"తీసుకునేటోళ్ళు ఎట్లయినా తీసుకుంటరు అక్కా. నా చేతుల ఏం లేదు" అన్నాడు మెల్లగా.

మా ఆయన లేచి చేతులు దులుపుకున్నాడు. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆయన ఎవరికైనా ఎదురు చెప్పగా నేను వినలేదు.

"తీసుకుంటే గుంజుకున్నరని రాయుండ్రి సారు. ఇచ్చిండని రాయొద్దు."